పచ్చిమిర్చి ఇంకా ఆడుతోంది

వానల నాలుగో రోజు, రెండో షిఫ్టు

సంపులో నీరు తొమ్మిది అడుగులు. రెండు పంపులూ నడుస్తున్నాయి. జాలీకి బురద పట్టి ఒక పంపు గాలి లాగింది. ఆపి, కడిగి, నీళ్లు నింపి మళ్లీ ఎత్తించేసరికి పావుగంట పట్టింది.

ఈ పుస్తకంలో నీటి లెక్క తప్ప ఇంకేమీ రాయకూడదని నియమం. కానీ ఇవాళ చూసింది ఎక్కడ రాయాలో తెలియక ఇక్కడే రాస్తున్నాను. నా పేరు భూలక్ష్మి. మూడో గనిలో, మా మాటలో బాయిలో, పంపులు నడుపుతాను. వేడికి నేల మీద బతకడం కుదరక మా వాళ్లు ఈ పాత బొగ్గు గనిలోకి దిగినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. ఇప్పుడు నలభై మూడు. ఇక్కడ మూడు వందల పన్నెండు మందిమి ఉన్నాం.

పంపులు సరిగ్గా నడుస్తున్నంతసేపూ పంపుగదిలో చేసేదేమీ ఉండదు. గాలిలో విషవాయువు కొలవడానికి పెట్టిన పాత కంప్యూటరు ఒకటి మూలన ఉంది. అందులో ఒకే ఒక ఆట, ‘బొర్రవీరుడి దండయాత్ర’. వీరుడికి బొజ్జ ఎక్కువ, ధైర్యం తక్కువ. అతని కత్తి మాట్లాడుతుంది. ప్రతి దెబ్బకూ “మెడ పట్టేసింది నాయనా” అని సణుగుతుంది. గాయాలకు మందు మజ్జిగ. తాగితే గాయం మానుతుంది గానీ ఆ తేన్పుకు చుట్టుపక్కల రాక్షసులంతా నిద్ర లేస్తారు. అతని గాడిద పొగిడితే గాని అడుగు వేయదు.

నాతో పనిచేసే ఫిట్టరు మొండయ్య కాకాకు అరవై రెండేళ్లు. ఆయన దాదాపు ముప్పై ఏళ్లుగా ఈ ఆట ఆడుతున్నాడు. ప్రతి మాటా కంఠతా వచ్చు. అయినా కొత్తగా విన్నట్టు నవ్వుతాడు. ఆటలో ఆయన పేరు ముసలిపులి. ఆయన జాలీ కడుగుతున్నప్పుడు ఆ పేరు మీద నేను ఆడతాను.

ఇవాళ ఆటలో ఊరి సత్రం ముందు గుమ్మడికాయలు వరుసగా పేర్చి ఉన్నాయి. నిన్న లేవు.

“కాకా, సత్రం ముంగట గుమ్మడికాయలు నువ్వు పెట్టినవా?”

“నేనెందుకు పెడ్త బిడ్డా? పెడితే గుటకదొంగలొచ్చి తినిపోతరు గద.”

లెక్కపెట్టాను. అరవై ఒకటి. ఇంతలో సత్రం వెనక నుంచి ఇంకో వీరుడు నడిచి వచ్చాడు. తల మీద పేరు ఉంది: పచ్చిమిర్చి.

ఒకప్పుడు ఈ ఆటను రెండు గనుల వాళ్లం కలిసి ఆడేవాళ్లం. వాయువు కొలిచే తీగ మా గని నుంచి ఐదో గనికి వెళుతుంది. ఆట కూడా ఆ తీగ మీదే కలిసేది. పచ్చిమిర్చి అనే పేరు ఐదో గని వాళ్లది.

ఐదో గనిలో ఎవరూ లేరు. పంతొమ్మిది నెలల కింద అక్కడ నల్లదగ్గు పుట్టింది. అది ఇటు కూడా వచ్చి ఏడుగురిని తీసుకుపోయింది. వాళ్లలో నా భర్త సారయ్య ఒకడు. అప్పుడు రెండు గనుల మధ్య ఇనుప తలుపు మూసి వెల్డింగు పెట్టారు. ఫోను తీగ కోశారు. వాయువు తీగను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. మూయాలని చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. నాలుగు నెలలకు తలుపు మీద చప్పుళ్లు ఆగిపోయాయని, అటు వైపు ఎవరూ మిగల్లేదని కమిటీ రాసుకుంది.

పచ్చిమిర్చి నా ముందుకొచ్చి గంతులు వేసింది. ఆటలో మాటలు రాయడానికి వీల్లేదు. ఎనిమిది అరుపులు మాత్రం ఉంటాయి, వాటిలోంచి ఒకటి ఎంచి నొక్కాలి. అది నొక్కింది.

“ఓరి నాయనో, ఎవడన్నా ఉన్నాడా!”

విన్నవాళ్లు నవ్వాలని చేసిన ముక్కు గొంతు అది. మొండయ్య కాకా చేతిలోని జాలీ కింద పడింది.

వానల ఐదో రోజు, రెండో షిఫ్టు

నీరు తొమ్మిదిన్నర. పైన వాన ఆగలేదు.

నిన్నటి వేళకే, మూడు గంటలకు, పచ్చిమిర్చి వచ్చింది. గుమ్మడికాయలు అరవై ఉన్నాయి. అరవై ఒకటోది ఆటలోని శ్మశానంలో ఉంది. ఆ శ్మశానంలో ప్రతి రాయి మీదా ఒక హాస్యం చెక్కి ఉంటుంది. ‘ఇక్కడ పడుకున్నవాడు పెళ్లాం పిలిచినా లేవడు’ అన్న రాయి పక్కన ఆ కాయ పెట్టి, పచ్చిమిర్చి కాసేపు కదలకుండా నిలబడింది.

అరవై మంది బతికి ఉన్నారు. నిన్న అరవై ఒక్క మంది.

తర్వాత అది సత్రం ముందరి కాయలను ఒక్కొక్కటిగా మోసుకొచ్చి నేల మీద పేర్చడం మొదలుపెట్టింది. ఏం చేస్తోందో నాకు మొదట అర్థం కాలేదు. గుండ్రం, దాని మీద గుడిదీర్ఘం, కింద ఒత్తు. అక్షరాలు! ‘నీళ్లు’ అని రాసేసరికి పది నిమిషాలయింది. అంతలో పొదల్లోంచి గుటకదొంగలు దూకారు. మోకాలెత్తు మనుషులు, పెద్ద నోళ్లు. ‘నీ’ని మింగి, పొట్ట నిమిరి, “ఉప్పు తక్కువైంది” అన్నారు.

నేను కత్తి దూశాను. ఆ గంటలో నా పని అదే అయింది. ఆమె రాయాలి, నేను దొంగలను తరమాలి. ఆమె అనే ఎందుకనుకున్నానో తెలియదు. కత్తి మెడ నొప్పంటూ ఏడుస్తూనే ఉంది. ఒక దొంగను కొడితే ఇద్దరు వచ్చారు. రెండుసార్లు తిన్నవాటి చోట ఆమె సత్రం తోటలోంచి కొత్తవి తెచ్చి పెట్టింది. నా వేళ్లు చెమటకు జారాయి.

‘నీళ్లు ఎక్కుతున్నయి’

ఆ మాట పూర్తయిన కాసేపటికే పచ్చిమిర్చి ఉన్నచోటనే మాయమైంది.

మా పైపు ఎక్కడ తెరుచుకుంటుందో నాకు తెలుసు. పన్నెండంగుళాల పైపు. వంద గజాల ఎత్తుకు, భూమి మీదికి, నీళ్లు ఎత్తాలంటే కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది. ఐదో గని ఎలాగూ ఖాళీ కదా అని పోయిన వానల చివర్లో పైపును అటు తిప్పారు. గోడకు రంధ్రం చేసి ఆ పైపు బిగించింది నేనూ, మొండయ్య కాకానే.

పంపు ఆపితే పదహారు గంటల్లో నీరు మా కింది సొరంగంలోకి వస్తుంది. అక్కడ ఎనభై నాలుగు మంది పడుకుంటారు. మేము తినే పుట్టగొడుగుల మళ్లన్నీ అక్కడే ఉన్నాయి.

పంపు ఆపలేదు. ఎవరికీ చెప్పలేదు.

వానల ఆరో రోజు, రెండో షిఫ్టు

నీరు తొమ్మిదిన్నర.

అరవై కాయలు. ఇవాళ ‘ఆపండి’ అని రాసింది.

నేను కూడా నాలుగు కాయలు తీసుకుని ‘దగ్గు’ అని రాయబోయాను. చేత కాలేదు. ఆటలో ఆయుధంగా ఇచ్చే కారప్పొడి పొట్లాన్ని నా వీరుడి మీదే చల్లి, వాడు తెరిపి లేకుండా తుమ్ముతుంటే సత్రం ముందరి కాయల వైపు వేలు చూపించాను. ఆమెకు అర్థమైంది.

“లేదు సామీ, లేదు!” అని అరుపు నొక్కింది. తర్వాత ‘15 నెలలు’ అని పేర్చింది. పదిహేను నెలలుగా అక్కడ దగ్గు లేదు.

మీకు కరెంటు ఎక్కడిదని అడగాలనుకున్నాను. ఆమే చెప్పింది. ‘సైకిల్’ అని పేర్చి, వీరుడి చేత ఆయాసపడే అభినయం చేయించింది. ఇన్నాళ్లూ కరెంటు లేక ఆగిపోయిన ఆ కంప్యూటరు ఇప్పుడు ఎవరో తొక్కుతుంటే నడుస్తోంది. రోజుకు ఒక గంటే తొక్కగలుగుతున్నారు.

చివర్లో మళ్లీ ‘ఆపండి’ అని రాసింది. నేను “అలాగే సామీ!” నొక్కాను. నా వీరుడు బొజ్జ ఊపుతూ నాట్యం చేశాడు. ఆ అరుపుతో పాటు ఆ నాట్యం కూడా వస్తుంది, దాన్ని ఆపడానికి లేదు.

“టీచరమ్మకు చెప్తవా?” అని కాకా అడిగాడు. కమిటీ పెద్ద సులోచన టీచరు.

“చెప్పాలె.”

“చెప్పినంక ఏమైతదో ఎరికేనా? పంపుల కాడ నుంచి నిన్ను తీసేస్తరు. ఇంకొకన్ని పెడ్తరు. వాడు నడ్పుతడు.”

అది నిజమే. కానీ నేను చెప్పకపోవడానికి అది కారణం కాదు. సారయ్య చివరి మూడు రోజులు ఎలా గడిచాయో నాకు ఇంకా కళ్ల ముందే ఉంది. ఆ తలుపు తెరవాలన్న మాట నా నోటితో అనలేకపోయాను.

షిఫ్టు అయ్యేదాకా రెండు పంపులూ నడిచాయి.

వానల ఏడో రోజు, రెండో షిఫ్టు

యాభై ఒకటి.

మూడుసార్లు లెక్కపెట్టాను. కొత్తగా తొమ్మిది కాయలు శ్మశానంలో ఉన్నాయి, చోటు చాలక రాళ్ల మధ్య ఇరికించి.

పచ్చిమిర్చి ఇవాళ గంతులు వేయలేదు. అరవలేదు. అటూ ఇటూ నడిచింది. చాలాసేపటికి కాయలు తెచ్చి ఒక పేరు పేర్చింది. ‘రాధవ్వ’. ఆ పేరు పక్కన కూర్చుంది. దొంగలు వచ్చారు. ఆమె కత్తి తీయలేదు. నేను పరిగెత్తేలోపు ఒకడు ‘రా’ మింగాడు, ఇంకొకడు ‘ధ’ మింగాడు. ఉప్పు తక్కువైందని ఇద్దరూ అన్నారు. ఆమె కదలకుండా కూర్చునే ఉంది. అలా కూర్చుని ఉండగానే మాయమైంది.

నాలుగు గంటల పది నిమిషాలకు రెండు పంపుల స్విచ్చులూ దించాను. పెట్టెకు తాళం వేసి తాళంచెవి రవికలో పెట్టుకున్నాను. గది తలుపుకు లోపలి నుంచి గొళ్లెం పెట్టాను.

కాకా నన్ను ఆపలేదు. బల్ల మీద కూర్చుని చేతులు చూసుకుంటూ ఉన్నాడు.

“సప్పుడు నాలుగు నెలలకు ఆగలే బిడ్డా,” అన్నాడు.

“ఏం సప్పుడు?”

“తలుపు మీద. ఎనిమిది నెలలు కొట్టిండ్రు. పొద్దుగాల ఒక్కపారి, మాపటికి ఒక్కపారి. నేను వెల్డింగు పెట్టిన తలుపు గద, సూసిరమ్మని నన్నే తోలేటోళ్లు. టీచరమ్మ ఇసుక బస్తాలు పేర్పియ్యమన్నది. తలుపు నిండ పేర్పిన. బస్తాలకు చెవి ఆనిస్తె తప్ప ఇనవడుడు బందయింది. ఇనవడ్తలేదని చెప్పిన. అబద్ధమైతే గాదు గద.”

నేను వచ్చి ఆయన పక్కన బల్ల మీద కూర్చున్నాను.

“నాకు ఇనవడ్తనే ఉన్నది,” అన్నాడు. “గిప్పుడు దినాం గీ ఆట ఎందుకాడ్తననుకున్నవ్? గీ సప్పుడుల ఆ సప్పుడు ఇనవడదని.”

వానల ఎనిమిదో రోజు

పొద్దున ఎనిమిదింటికి నీళ్లు కింది సొరంగంలోకి వచ్చాయి. పది గంటలకు మోకాళ్లదాకా ఎక్కాయి. మూటలు నెత్తిన పెట్టుకుని జనం మెట్లెక్కి పైసొరంగానికి పోయారు. పుట్టగొడుగుల మళ్లు మునిగాయి. ఆరు నెలల తిండి పోయింది. బయట నుంచి తలుపు మీద గుద్దుతూ తిట్టారు. నన్నూ తిట్టారు, చచ్చిపోయిన నా మొగుడినీ తిట్టారు.

మధ్యాహ్నం సులోచన టీచరు ఒక్కతే వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి. ఈ గనిలో చదువొచ్చిన వాళ్లలో సగం మందికి అక్షరాలు దిద్దించింది ఆమే. తలుపు తీశాను. చీర తొడలదాకా తడిసి ఉంది.

“తాళంచెవి ఇయ్యి, భూలక్ష్మీ.”

“ఐదో బాయిల మనుషులున్నరు టీచరమ్మా.”

ఆమె ఆశ్చర్యపోలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

“ఉంటరని ఎరికే,” అంది. “అప్పుడు ఉన్నరు. మనకు దవాఖాన మంచాలు ఐదు. ఇక్కడ మూడు వందల మంది. నువ్వు నీ పెనిమిటిని సూసినవ్, నేను ఏడుగురిని సూసిన. ఎవ్వరు లేరని రాస్తెనే అందరు నిద్ర పోతరని రాసిన. ఆ పుస్తకంల నేను రాసిన అబద్ధం అదొక్కటే.”

“పైపును అటు తిప్పినప్పుడు?”

కాకా లేచి ఆమె కూర్చోవడానికి స్టూలు జరిపాడు.

“ఇన్ని నెలలైనంక ఎవ్వరు మిగలరనుకున్న,” అంది దాని మీద కూర్చుని. “అనుకోవాల్నని అనుకున్న.”

మూడయింది. పచ్చిమిర్చి వచ్చింది. యాభై కాయలు. టీచరు జీవితంలో ఎప్పుడూ ఆట ఆడలేదు. కళ్లద్దాలు సరిచేసుకుని తెరకు ముఖం ఆనించి చూసింది. పిల్లలెంతమంది అని అడగమంది. కాయలతో ‘పిల్లలు’ అని రాయడానికి నాకు పావుగంట పట్టింది, కాకా కీబోర్డు మీద చెయ్యి వేసి దొంగలను కొట్టాడు. అటు నుంచి జవాబు వచ్చింది. పచ్చిమిర్చి వరుసలోంచి పద్నాలుగు కాయలు వేరు చేసి, దగ్గరగా, ఒకదానికొకటి ఆనించి పెట్టింది.

టీచరు తెర మీద వేలు పెట్టి వాటిని లెక్కపెట్టింది. తెరలో గాడిద ఎవరో పొగుడుతారేమోనని మెడ చాచి చూస్తోంది.

“పాత పైపు ఉన్నది గద, పైకి ఎత్తేది,” అంది. “అది పని చేస్తదా?”

“పైపు మంచిగనే ఉన్నది,” అన్నాడు కాకా. “బాయి మూతి కాడ వాల్వు మూసి ఉన్నది. సేత్తోని తిప్పాలె. తుప్పు పట్టి ఉంటది.”

“ఎంతసేపు పడ్తది?”

“పోయినోన్ని బట్టి.”

పైన ఎండ లేకపోయినా వానాకాలం గాలి ఉడికిన గుడ్డను ముఖాన కప్పినట్టు ఉంటుంది. చెమట ఆరదు. ఇరవై నిమిషాలు దాటితే గట్టి మనిషికి కూడా గుండె తడబడుతుంది.

“నేను పోత,” అన్నాడు కాకా, మార్కెట్టుకు పోతానన్నట్టు.

నేను వద్దన్నాను. నేను పోతానన్నాను. “నువ్వు పోతె పంపులెవరు నడ్పాలె?” అన్నాడు. “నాకు నడ్పొస్తది గని నాకు నీ అంత చెవి లేదు. గాలి లాగితె నేను కనిపెట్ట.” అది అబద్ధం. ఆయన చెవి నా చెవి కన్నా మంచిది.

వానల తొమ్మిదో రోజు

తెల్లవారుజామున ఐదున్నరకు కాకా తడిపిన గోనె కోటు, లోపల మంచు సంచులు కట్టుకుని, మనుషులను ఎక్కించి దించే బోనులో పైకి వెళ్లాడు. నడుముకు తాడు. ఒకసారి లాగితే బాగున్నాడని, మూడుసార్లు లాగితే దించమని.

ఏడు నిమిషాలకు ఒక లాగు. పదమూడుకు ఒకటి. పైన సుత్తితో కొడుతున్న దెబ్బలు పైపు వెంట కిందికి వినిపించాయి. ఇరవైకి మళ్లీ ఒక లాగు. నేను మూడుసార్లు లాగాను, దిగమని. అటు నుంచి ఏమీ రాలేదు. సుత్తి దెబ్బలు మాత్రం వినిపించాయి, ముందుకన్నా నెమ్మదిగా. ఇరవై ఆరో నిమిషంలో ఆగాయి. ముప్పైయొకటికి పైపులోంచి గాలి బుస్సున లేచిన చప్పుడు వచ్చింది. వాల్వు తెరుచుకుంది. తాడు కదల్లేదు.

తాడుతో ఆయనను బోనులోకి లాగి దించాం. కోటు మీద చెయ్యి పెడితే కాలింది. కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ ఎవరినీ గుర్తుపట్టలేదు. దవాఖానలో ఐదు మంచాల్లో ఒకదాని మీద పడుకోబెట్టారు. నేను దగ్గర ఉండలేకపోయాను. పంపుల దగ్గరికి పరిగెత్తాల్సి వచ్చింది. ఎత్తు ఎక్కువ కాబట్టి రెండు పంపులూ ఒకదాని వెనక ఒకటి కలపాలి. ఆ బిగింపు ఆయనతో కలిసి చేసేదాన్ని. ఒక్కదాన్నే చేశాను. ఎనిమిదింటికి నీరు భూమి మీదికి ఎక్కింది. కరెంటు చాలక పైసొరంగంలో దీపాలు తీసేశారు, ఫ్యాన్లు సగానికి తగ్గించారు.

మొండయ్య కాకా పదకొండున్నరకు పోయాడు. నాకు పన్నెండింటికి చెప్పారు.

మూడింటికి ‘ఆగినయి’ అని రాశాను. పచ్చిమిర్చి చదివింది. “జై బొర్రవీరా!” అని అరిచింది. ఎనిమిది అరుపుల్లో సంతోషానికి ఉన్నది అదొక్కటే. నా వీరుడి తల మీద ముసలిపులి అన్న పేరు వెలుగుతూనే ఉంది.

వానల పదో రోజు

అందరినీ పైసొరంగంలో, చీకట్లో కూర్చోబెట్టి సమావేశం పెట్టారు. రెండు లాంతర్లు.

సులోచన టీచరు నిలబడి, తను రాసింది అబద్ధమని చెప్పింది. ఎందుకు రాసిందో చెప్పలేదు. ఒకామె లేచి, “మా ఇల్లు మునిగింది, తిండి పోయింది, ఇప్పుడు దగ్గు గూడ తెస్తరా?” అంది. ఆమె తప్పు మాట్లాడిందని నేను అనలేను. నాలుగు రోజుల కింద నా మనసులో ఉన్న మాటా అదే.

నన్ను చెప్పమన్నారు. పదిహేను నెలలుగా దగ్గు లేదని చెప్పాను. పిల్లలు పద్నాలుగు మందని చెప్పాను. ఇంకా చెప్పాల్సింది ఉండింది. చెప్పలేదు.

తలుపు తెరవాలని తొంభై ఏడు చేతులు. వద్దని ఎనభై ఎనిమిది. వచ్చినవాళ్లను పదిహేను రోజులు పాత మందుగుండు గదిలో విడిగా ఉంచాలి. దానికి అందరూ ఒప్పుకున్నారు.

వానల పన్నెండో రోజు

ఇసుక బస్తాలు తీయడానికే పూట పట్టింది. మొండయ్య కాకా పెట్టిన వెల్డింగు గట్టిది. కోసేవాళ్లు మూడుసార్లు మారారు.

తలుపు జరిగినప్పుడు ముందు వాసన వచ్చింది, తర్వాత నీళ్లు వచ్చాయి, మడమలదాకా. అవతల ఎవరూ ముందుకు దూకలేదు. గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. లాంతరు వెలుగుకు చేతులడ్డం పెట్టుకున్నారు. మేము రమ్మంటే గాని రాలేదు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని నడిచారు. పిల్లలను మధ్యలో ఉంచుకున్నారు.

నలభై ఏడుగురు. యాభైలో ఇంకో ముగ్గురు ఈ నాలుగు రోజుల్లో పోయారు. పిల్లలు పద్నాలుగు మందీ ఉన్నారు.

వానల ఇరవై ఎనిమిదో రోజు, రెండో షిఫ్టు

సంపులో నీరు నాలుగు అడుగులు. మూడు రోజులుగా వాన లేదు. కింది సొరంగం సగం ఆరింది.

పదిహేను రోజులు గడిచాయి. ఎవరికీ దగ్గు రాలేదు. నిన్న గది తెరిచారు.

ఇవాళ మూడు గంటలకు ఒకామె పంపుగదిలోకి వచ్చింది. ముప్పై ఐదేళ్లుంటాయి. జుట్టు కత్తిరించేసి ఉంది. కాళ్ల పిక్కలు రాయిలా గట్టిపడి ఉన్నాయి, సైకిలు తొక్కినవాళ్లకు ఉన్నట్టు. గుమ్మంలో నిలబడి ముందు కంప్యూటరును, తర్వాత నన్ను చూసింది.

“ముసలిపులి నువ్వేనా?”

“ఆ పేరు మొండయ్య కాకది. ఆడింది నేను. నా పేరు భూలక్ష్మి.”

“ఆయనేడి?”

“లేడు. వాల్వు తిప్పనీకి పోయి పోయిండు.”

ఆమె తల ఊపింది. “నా పేరు ఎల్లుబాయి. ఐదో బాయిల దీపాల కాడ పని చేస్తుంటి. పచ్చిమిర్చి మా అక్క పేరు. ఆట అక్కది. నాకు రాదు. నేను తొక్కుతుంటె అక్క ఆడేది.”

“మీ అక్క...”

“రాధవ్వ.”

ఏడో రోజు ఆ పేరు పక్కన కూర్చున్నది ఎవరో అప్పుడు అర్థమైంది. ఆడటం రాని మనిషి కూర్చుంది. ఆ రోజు సైకిలు ఇంకెవరో తొక్కి ఉంటారు.

ఎల్లుబాయి పంపుల దగ్గరికి నడిచింది. నడుస్తున్న పంపు మీద అరచెయ్యి పెట్టింది.

“గిదేనా?”

“గిదే.”

“ఎవరు నడ్పుతరు?”

“మూడు షిఫ్టులకు ముగ్గురం. రెండోది నాది.”

“గప్పుడు గూడ?”

సమావేశంలో చెప్పనిది ఇదే. ఇప్పుడు చెప్పకపోయినా ఆమెకు తెలిసేది కాదు.

“గప్పుడు గూడ,” అన్నాను. “మీ అక్క నీళ్లు ఎక్కుతున్నయని రాసిన దినమే నాకు తెలిసింది. ఎవ్వరికి చెప్పలే. తెలిసినంక రెండు దినాలు నడ్పిన. ఏడో దినం మాపటికి నాలుగు కొట్టంగ బంద్ చేసిన.”

ఆమె చెయ్యి పంపు మీంచి తీయలేదు.

“అక్క ఏడో దినం పొద్దుగాల పోయింది,” అంది. “కింద గదిల పండుకున్నోళ్లను లేపనీకి పోయింది. అక్కతోని కలిపి తొమ్మిది మంది.”

ఆమె కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆమె నా ముఖం చూసి, “అనకు,” అంది. మూసుకున్నాను.

కాకా స్టూలు లాక్కుని స్విచ్చుల పెట్టె పక్కనే వేసుకుంది. కూర్చుంది.

“నీ మీద నాకు నమ్మకం లేదు,” అంది. “నీ చెయ్యి గా స్విచ్చి మీద ఉన్నన్ని దినాలు నేను ఈడ్నే ఉంట. కమిటీకి చెప్పి వచ్చిన. పని నేర్పు.”

జాలీకి బురద పడితే చప్పుడు ఎలా మారుతుందో చెప్పాను. చెవి ఆనించి వినమన్నాను. వింది. గాలి లాగితే ముందు ఏది మూయాలో, నీళ్లు ఎంత నింపాలో చూపించాను. ఒకసారి చెబితే చాలు, రెండోసారి అడగలేదు. నా వైపు చూడలేదు కూడా.

ఆరింటికి నీరు మూడున్నర అడుగులు. డ్యూటీలో ఉన్నవాళ్లు: భూలక్ష్మి, ఎల్లుబాయి.